సినిమా ఆడుతుంది, మాట వినిపించదు

అహ్మదాబాద్ నుంచి చెన్నై వెళ్లే నవజీవన్ ఎక్స్‌ప్రెస్ అర్ధరాత్రి దాటాక సూరత్‌లో ఆగుతుంది. మహారాష్ట్రను అడ్డంగా దాటి, బల్హార్షా మీదుగా వరంగల్ చేరుతుంది. కరీంనగర్, వరంగల్, నల్లగొండ ప్రాంతాల నుంచి మరమగ్గాల పని వెతుక్కుంటూ వెళ్లి, సూరత్‌లో లింబాయత్ పరిసరాల్లో స్థిరపడిన పద్మశాలి కుటుంబాలకు ఇది సొంతూరి బండి. వాళ్ల పిల్లల కోసం సూరత్ నగరపాలక సంస్థ తెలుగు మాధ్యమంలోనూ బడులు నడుపుతోంది. స్మార్ట్‌ఫోన్లు అందరి చేతికీ కొత్తగా వస్తున్న రోజుల్లో, డేటా ఇంకా ఖరీదుగా ఉన్నప్పుడు, ఇంత దూరం వెళ్లేవాళ్లకు మెమరీ కార్డే సినిమా హాలు. బయల్దేరే ముందు రెండుమూడు తెలుగు సినిమాలు కార్డులో వేయించుకుంటే దారంతా కాలక్షేపం.

సరిగ్గా ఆ రోజుల్లోనే దేశమంతటా ఒక వింత ఫిర్యాదు మొదలైంది. ఫైలు తెరిస్తే బొమ్మ నిక్షేపంగా ఆడుతుంది, మాట మాత్రం రాదు. పోయిన నెల ఇదే ఫోన్‌లో ఇదే ఫైలు పాటలతో సహా వినిపించింది. ఫైలు మారలేదు, ఫోన్ మారలేదు, స్పీకరూ చెడిపోలేదు. మధ్యలో మారిందల్లా సినిమాలు ఆడించే యాప్ ఎంఎక్స్ ప్లేయర్ వెర్షన్ ఒక్కటే. ఫోన్ల దుకాణాల్లో దీనికి దొరికిన సలహా కూడా ఒక్కటే: పాతది వేసుకోండి.

అప్‌డేట్ అంటే మెరుగవడం కదా, ఉన్న శబ్దం ఎందుకు పోయింది? దీనికి జవాబు ఇంజనీర్ల దగ్గర కంటే వకీళ్ల దగ్గర ఎక్కువ దొరుకుతుంది.

సినిమా ఫైలు పైకి ఒకటిగా కనిపించినా లోపల వేర్వేరు ప్రవాహాలు ఉంటాయి. ఎంకెవి, ఎంపి4 అన్నవి పెట్టె పేర్లు. ఆ పెట్టెలో బొమ్మ ఒక పద్ధతిలో, శబ్దం మరో పద్ధతిలో కుదించి ఉంటాయి. సబ్‌టైటిళ్లు ఉంటే అవి ఇంకో వరుస. కుదించిన దాన్ని విప్పి చూపే సాఫ్ట్‌వేర్ ముక్కను కోడెక్ అంటారు. డీవీడీల నుంచి, బ్లూరేల నుంచి వచ్చిన సినిమాల్లో శబ్దం తరచుగా డాల్బీ వారి ఏసీ3లోనో, డీటీఎస్‌లోనో ఉంటుంది. అప్పట్లో రెండింటి మీదా పేటెంట్లుండేవి, వాటిని విప్పే సాఫ్ట్‌వేర్ పంచేవాళ్లు రుసుము కట్టాలని హక్కుదారులు అడిగేవారు. ఎంఎక్స్ ప్లేయర్‌ను తయారుచేసింది దక్షిణ కొరియాకు చెందిన జె2 ఇంటరాక్టివ్ అనే చిన్న సంస్థ. లైసెన్సుల చిక్కు వచ్చేసరికి డీటీఎస్, ఏసీ3 విప్పే భాగాలను కొత్త వెర్షన్ల నుంచి తీసేసింది. వీడియో కోడెక్ జోలికి ఎవరూ రాలేదు కాబట్టి బొమ్మ మిగిలింది, శబ్దం పోయింది.

ఇక్కడే వాడకందార్లు రెండు దారులు పట్టారు. కొందరు ఆ భాగాలు తీసేయక ముందటి ఏపీకేను, అంటే ఆండ్రాయిడ్‌లో యాప్‌ను ఎక్కించే ఫైలును, వెతికి తెచ్చుకున్నారు. మరికొందరు కస్టమ్ కోడెక్ అనే చిన్న ఫైలును విడిగా దించుకుని, ప్లేయర్ సెట్టింగ్స్‌లోకి వెళ్లి దాని చోటు చూపించారు. రెండో దారే మేలైనది. ప్లేయర్ కొత్తదే ఉంటుంది, పోయిన ముక్క మాత్రం తిరిగొస్తుంది. కానీ ఎక్కువమందికి ఆ సంగతి చెప్పినవాళ్లు లేరు.

ఏసీ3 మీది చివరి పేటెంట్ల గడువు 2017లో ముగిసింది. ఎంఎక్స్ ప్లేయర్ 2018లో టైమ్స్ ఇంటర్నెట్ చేతికి వెళ్లి, మరుసటి ఏడాది సొంతంగా సినిమాలూ సీరియళ్లూ చూపించే వేదికగా మారింది. 2024లో అమెజాన్ కొనుక్కుంది. కార్డులోని సినిమాను ఆడించడమే పనిగా పుట్టిన యాప్ తెర నిండా ప్రకటనలూ సిరీస్‌లూ చేరడంతో పాత వెర్షన్ కోసం వెతకడానికి మరో కారణం దొరికింది. ఈసారి పోయింది శబ్దం కాదు, తేలికదనం.

వెనక్కి వెళ్లాలన్న కోరిక ఇండియాలో పుట్టిందేమీ కాదు, ఫోన్లతో మొదలైందీ కాదు. 1997లో వచ్చిన విన్‌యాంప్ ఎంపీ3 పాటలు వినేవాళ్లందరి కంప్యూటర్లలోనూ చేరిపోయింది. 1999లో దాని కంపెనీ నల్‌సాఫ్ట్‌ను ఏఓఎల్ దాదాపు 8 కోట్ల డాలర్లకు కొన్నది. 2002 ఆగస్టులో విన్‌యాంప్3 వచ్చింది. లోపలి నిర్మాణమంతా కొత్తగా రాశారు. ఫలితం: తెరుచుకోవడానికే సమయం తీసుకునేది, మెమరీ ఎక్కువ తినేది, పాత ప్లగిన్లు పనిచేసేవి కావు. జనం మూకుమ్మడిగా రెండో వెర్షన్‌కు తిరిగి వెళ్లిపోయారు. కంపెనీ మొండికెయ్యలేదు. రెండో వెర్షన్‌కే మెరుగులు దిద్దుతూ, 2003 డిసెంబర్‌లో ఏకంగా 5వ వెర్షన్‌ను విడుదల చేసింది. నాలుగు ఏదని అడిగినవాళ్లకు రెండూ మూడూ కలిపితే ఐదని జవాబు. నిజానికి అది మూడో వెర్షన్ సోకులు అద్దిన రెండో వెర్షన్. వాడకందార్లు వెనక్కి నడిచి కంపెనీని కూడా తమ వెంట లాక్కెళ్లిన అరుదైన సందర్భం అది.

మైక్రోసాఫ్ట్ కథ ఇంకా సరదాగా ఉంటుంది. 2000లో విండోస్ మీడియా ప్లేయర్ 7 తళతళలాడే కొత్త వేషంతో వచ్చింది. సాదాసీదా 6.4 వెర్షన్‌ను ఇష్టపడేవాళ్లు గొణిగారు. ఆ తర్వాతి ఏడాది వచ్చిన విండోస్ ఎక్స్‌పీలో పైకి కొత్త ప్లేయరే కనిపించేది గానీ, అదే ఫోల్డర్‌లో ఎంప్లేయర్2 అన్న ఫైలు మీద రెండుసార్లు నొక్కితే పాత 6.4 లేచి కూర్చునేది. ఈ రహస్యం తెలిసినవాళ్లు దానికి డెస్క్‌టాప్ మీద షార్ట్‌కట్ పెట్టుకునేవారు. 2003లో గాబెస్ట్ అనే మారుపేరుతో ఒక ప్రోగ్రామర్ మీడియా ప్లేయర్ క్లాసిక్‌ను రాశాడు. చూడడానికి అచ్చం 6.4లాగే ఉంటుంది, లోపల మాత్రం సరికొత్త ఇంజన్. పాత ముఖం కావాలనుకోవడం వేరు, పాత యంత్రం కావాలనుకోవడం వేరు అని గాబెస్ట్ పసిగట్టాడు. పాత వెర్షన్ కావాలని అడిగేవాళ్లలో చాలామందికి నిజంగా కావలసింది ఆ ముఖమే.

వెనక్కి వెళ్లడం పైకి చాలా తేలిక. కొత్తది తీసేసి, పాతది పెట్టుకోవడమే. ప్రోగ్రామ్ వరకు ఇది నిజం. ప్రోగ్రామ్ తనతో పాటు రాసిపెట్టుకున్న వివరాల విషయంలో కాదు. సాంచా, అంటే మరమగ్గం, మీద కొత్త అచ్చు బిగించి రెండు రోజులు నేశాక, నచ్చలేదని పాత అచ్చు మళ్లీ బిగించవచ్చు. కానీ ఆ రెండు రోజుల్లో నేసిన బట్ట కొత్త అచ్చు లెక్కలోనే దోనెకు చుట్టుకుని ఉంటుంది. ప్లేయర్ కూడా అంతే. పాటల జాబితాలు, ఏ సినిమా ఎక్కడ ఆపామన్న గుర్తులు, సెట్టింగ్స్, లైసెన్సులు, అన్నీ అప్‌డేట్ అయిన నిమిషం నుంచే కొత్త పద్ధతిలో రాయడం మొదలవుతుంది.

ఆండ్రాయిడ్‌లో దీన్ని కళ్లారా చూడవచ్చు. ప్రతి యాప్‌కూ మనకు కనిపించే వెర్షన్ పేరు కాకుండా లోపల ఒక పూర్ణాంకం ఉంటుంది. దాన్ని వెర్షన్ కోడ్ అంటారు. కొత్త విడుదల వచ్చిన ప్రతిసారీ ఆ అంకె పెరగాలి. ఫోన్‌లో ఉన్న దానికంటే చిన్న అంకె ఉన్న ఏపీకేను పైనుంచి వేయబోతే ఆండ్రాయిడ్ ఒప్పుకోదు. ఇది కంపెనీల కుట్రేమీ కాదు. పాత వెర్షన్‌లోని భద్రతాలోపాన్ని వాడుకోవాలనుకున్న దొంగ, ముందు యజమానికి తెలియకుండా పాత వెర్షన్‌ను ఎక్కించాలని చూస్తాడు కదా, ఆ తలుపు మూయడానికే ఈ నిబంధన.

అందుకని ముందు యాప్‌ను పూర్తిగా అన్‌ఇన్‌స్టాల్ చేయాలి. అప్పుడు యాప్ సొంత డేటా అంతా పోతుంది. మెమరీ కార్డులో విడిగా పెట్టుకున్న సినిమాలకు ఏమీ కాదు. యాప్ తన సొంత ఫోల్డర్‌లో, అంటే ఆండ్రాయిడ్ ఫోల్డర్ లోపలి డేటాలో, దాచిన డౌన్‌లోడ్లు మాత్రం దాంతోనే తుడిచిపెట్టుకుపోతాయి. చాలామంది నష్టపోయేది ఇక్కడే.

డేటా ఉంచి ప్రోగ్రామ్‌ను మాత్రమే వెనక్కి తిప్పితే? యాప్‌లు ఎక్కువగా ఎస్‌క్యూలైట్ అనే చిన్న డేటాబేస్‌లో వివరాలు దాచుకుంటాయి. ఆ డేటాబేస్ నిర్మాణానికీ ఒక సంఖ్య ఉంటుంది. కొత్త వెర్షన్ మొదటిసారి తెరుచుకున్నప్పుడు పాత పట్టికలకు కొత్త గడులు చేర్చి, ఆ సంఖ్యను పెంచుతుంది. ముందుకు ఎలా మార్చాలో ప్రోగ్రామర్ రాసిపెడతాడు. వెనక్కి ఎలా మార్చాలో దాదాపు ఎవరూ రాయరు, రాయగలిగేదీ తక్కువే. రేపటి వెర్షన్‌లో ఏ గడులు చేరతాయో ఇవాళ్టి ప్రోగ్రామర్‌కు ఎలా తెలుస్తుంది? అందుకే ఆండ్రాయిడ్ ఇచ్చే డేటాబేస్ సాధనం, తనకంటే పెద్ద సంఖ్య ఉన్న డేటాబేస్ ఎదురైతే, వేరే ఏర్పాటేదీ లేనప్పుడు, నా వల్ల కాదని ఆగిపోతుంది. తెర మీద మనకు కనిపించేది యాప్ తెరుచుకోగానే మూసుకుపోవడం.

యాపిల్ ఐట్యూన్స్ కాస్త మర్యాదగా చెప్పేది. లైబ్రరీ ఫైలును ఇంతకంటే కొత్త ఐట్యూన్స్ తయారుచేసింది కాబట్టి చదవలేను అని ఒక పెట్టె చూపించేది. తెలిసినవాళ్లు ప్రీవియస్ ఐట్యూన్స్ లైబ్రరీస్ అన్న ఫోల్డర్ తెరిచేవారు. ప్రతి పెద్ద అప్‌డేట్‌కు ముందు పాత లైబ్రరీ నకలు అందులో తేదీతో సహా పడి ఉండేది. దాన్ని బయటికి తీసి పేరు మారిస్తే పాత ఐట్యూన్స్ మళ్లీ నడిచేది, ఆ తేదీ తర్వాత చేర్చిన పాటల జాబితాలు లేకుండా. 2017లో యాపిలే ఒక మెట్టు దిగింది. సెప్టెంబర్‌లో వచ్చిన 12.7 నుంచి యాప్ స్టోర్‌ను తీసేస్తే, యాప్‌లను కంప్యూటర్ ద్వారా ఫోన్లకు ఎక్కించే వ్యాపార సంస్థలు ఇబ్బంది పడ్డాయి. కొద్ది వారాలకే యాప్ స్టోర్ ఉన్న 12.6.3ను వాళ్ల కోసం అందుబాటులో పెట్టింది. అంత పట్టుదల ఉన్న కంపెనీ కూడా అంకెను వెనక్కి తిప్పింది.

విండోస్ ఎక్స్‌పీ కాలంలో మైక్రోసాఫ్ట్ తిరుగుదారిని ముందే వేసి ఉంచింది. 2006లో వచ్చిన మీడియా ప్లేయర్ 11ను ఎక్కిస్తే, పాత వెర్షన్ ఫైళ్లన్నీ విండోస్ ఫోల్డర్‌లో దాగిన మరో ఫోల్డర్‌లోకి వెళ్లేవి. కంట్రోల్ ప్యానెల్‌లో 11ను తీసేయమంటే అవి తిరిగి వాటి చోటికి చేరేవి. డిస్కులో చోటు కోసం ఆ దాగిన ఫోల్డర్‌ను ఎవరైనా చెరిపేసి ఉంటే ఇక దారి లేనట్టే. ఇంకో చిక్కు కూడా ఉండేది. డబ్బు కట్టి కొన్న పాటల లైసెన్సులను భద్రపరుచుకునే సౌకర్యం 10లో ఉండేది, 11లో తీసేశారు.

ఇక వీఎల్‌సీ. పారిస్ శివార్లలోని ఎకోల్ సాంత్రాల్ విద్యార్థులు 1996లో మొదలుపెట్టిన ఈ ప్లేయర్ 2001లో స్వేచ్ఛా సాఫ్ట్‌వేర్‌గా విడుదలైంది. దీన్ని నడిపే వీడియోలాన్ సంస్థ ఫ్రాన్స్‌లో ఉంది. సాఫ్ట్‌వేర్ పేటెంట్లు అక్కడ చెల్లవన్నది వాళ్ల వాదన. అందుకే ఎంఎక్స్ ప్లేయర్ గొంతు పోయిన రోజుల్లో కూడా వీఎల్‌సీ ఏసీ3, డీటీఎస్ రెండూ వినిపించింది.

అయినా వీఎల్‌సీ విషయంలోనూ వెనుకడుగు తప్పలేదు. 2018 ఫిబ్రవరిలో వచ్చిన 3.0 వెర్షన్ హార్డ్‌వేర్ డీకోడింగ్‌ను మామూలు పద్ధతిగా చేసింది. అంటే బొమ్మను విప్పే పని ప్రధాన ప్రాసెసర్ మీద కాకుండా గ్రాఫిక్స్ చిప్ మీద పడుతుంది. కొత్త కంప్యూటర్లలో దీనివల్ల 4కే వీడియో సైతం నీళ్లలా సాగింది, ల్యాప్‌టాప్ బ్యాటరీ ఎక్కువసేపు నిలిచింది. పాత కంప్యూటర్లలో గ్రాఫిక్స్ డ్రైవర్లు ఈ భారానికి సిద్ధంగా లేవు. తెర ఆకుపచ్చగా మారడం, బొమ్మ గడులుగడులుగా చెదరడం, శబ్దం ముందుకు పోయి బొమ్మ వెనకబడడం వంటివి మొదలయ్యాయి. దానికి ముందటి 2.2.8కు తిరిగి వెళ్లండన్న సలహా ఊరూరా తిరిగింది. సెకండ్‌హ్యాండ్ కంప్యూటర్ల మీద ఆధారపడే చోట ఇది మరీ ఎక్కువ.

ప్రిఫరెన్సెస్‌లో ఇన్‌పుట్, కోడెక్స్ అన్న భాగానికి వెళ్లి హార్డ్‌వేర్ డీకోడింగ్‌ను ఆపేస్తే ఆ తెరల్లో చాలావరకు బాగుపడేవి. పని మళ్లీ ప్రాసెసర్ మీద పడుతుంది, అంతే తేడా. నాలుగు క్లిక్కుల్లో తేలే దానికి ఏళ్ల నాటి వెర్షన్‌ను తెచ్చుకోవడం దండగ పని. పైగా ఆ వెనుకడుగులో పోయేవి తక్కువేం కాదు. ఇప్పటి వీడియోల్లో ఎక్కువగా కనిపించే హెచ్‌ఈవీసీ ప్రమాణం 2013 నాటిది, ఏవీ1 ప్రమాణం 2018 నాటిది. అంతకు ముందు తయారైన ప్లేయర్‌కు అవి ఉన్నాయనే తెలియదు. తెలుగువాళ్లకు ఇంకో నష్టం కూడా ఉంది. వెనకటి ప్లేయర్లలో తెలుగు సబ్‌టైటిళ్లు పెడితే వత్తులు అక్షరం కింద చేరకుండా పక్కన విడిగా పడేవి, గుణింతాలు తెగిపోయేవి. హార్ఫ్‌బజ్ వంటి అక్షరాల కూర్పు సాధనాలు ప్లేయర్లలో చేరాకే తెలుగు తెర మీద తెలుగులా కనిపించింది.

పాతది కావాలనుకున్నాక ఎక్కడ నుంచి తేవాలన్నది అసలు ప్రశ్న. 2022లో ఇండియాలో ఇది మరీ ఇరకాటమైంది. ఆ ఏడాది ఫిబ్రవరి నుంచి సూరత్‌లో గానీ హైదరాబాద్‌లో గానీ వీడియోలాన్ వెబ్‌సైట్ తెరవబోతే, ఐటీ చట్టం కింద దీన్ని నిలిపివేశారన్న నోటీసు ఎదురైంది. కారణం ప్రభుత్వం బహిరంగంగా చెప్పలేదు. ప్లే స్టోర్‌లో వీఎల్‌సీ యాప్ మామూలుగానే దొరికింది, కంప్యూటర్లలో అప్పటికే ఉన్న వీఎల్‌సీ పనిచేస్తూనే ఉంది. అధికారిక సైట్ మాత్రం మూతపడింది. అక్టోబర్‌లో ఇంటర్నెట్ ఫ్రీడమ్ ఫౌండేషన్ సాయంతో వీడియోలాన్ లీగల్ నోటీసు పంపాక, నవంబర్‌లో ఆ అడ్డు తొలగింది. ఆ తొమ్మిది నెలలూ జనం వీఎల్‌సీ మానేశారా? లేదు. సొంత సైట్ మూస్తే ఊరూపేరూ లేని సైట్ల నుంచి దించుకుంటారు. భద్రత కోసమే ఆ పని చేసి ఉంటే, జరిగింది దానికి సరిగ్గా తలకిందులు.

ఆ ప్రమాదం ఊహ కాదు. అదే ఏడాది ఏప్రిల్‌లో సిమాంటెక్ సంస్థ సికాడా అనే హ్యాకర్ల ముఠా గురించి వివరించింది. వాళ్లు అసలైన వీఎల్‌సీనే వాడి, దాని పక్కన తమ హానికరమైన ఫైలును పెట్టి దాని ద్వారా నడిపించారు. వీఎల్‌సీలో తప్పేమీ లేదు, పక్కన చేరిన ఫైలుదే తప్పు. దించుకున్న పొట్లంలో ఏముందో చూడకుండా తెరిచేవాళ్లకు తేడా ఎలా తెలుస్తుంది?

తెలుసుకునే సాధనం ఒకటి ఉంది. వీడియోలాన్ సర్వర్‌లో పాత వెర్షన్లన్నీ వాటి అంకెల పేరుతో ఫోల్డర్లుగా ఉంటాయి. ఈమధ్య వాటిలో ప్రతి ఫైలు పక్కనా షా-256 అనే పొడవాటి సంకేతం ఉంటుంది. ఫైలులో ఒక్క అక్షరం మారినా ఆ సంకేతం పూర్తిగా మారిపోతుంది. విండోస్‌లో సర్ట్‌యుటిల్ అనే ఆదేశంతో మన ఫైలు సంకేతం తీసి రెండూ సరిపోల్చుకోవచ్చు. ఆండ్రాయిడ్‌లో ఈ పనిని కొంతవరకు ఫోనే చేస్తుంది. ఇప్పటికే ఉన్న యాప్ సంతకం, కొత్తగా వేసే ఏపీకే సంతకం ఒకటి కాకపోతే పైన ఎక్కించనివ్వదు. కానీ పాతదాని కోసం ముందే యాప్‌ను తీసేసిన వాళ్లకు ఆ రక్షణ ఉండదు, పోల్చడానికి పాత సంతకం మిగలదు గనక.

అసలు ఫైలే దొరికినా పాతదాని లోపలి బొక్కలు పాతవే. 2017 మేలో చెక్ పాయింట్ పరిశోధకులు బయటపెట్టిన దాడి సినిమా ప్రియులను ఉలిక్కిపడేలా చేసింది. సబ్‌టైటిల్ ఫైలు అంటే ఉత్త అక్షరాలే కదా అనుకుంటాం. దాన్ని ఒక పద్ధతిలో రాస్తే, ప్లేయర్ దాన్ని చదవబోయి కంప్యూటర్ పగ్గాలను దాడి చేసేవాళ్ల చేతికిచ్చేస్తుంది. వీఎల్‌సీ, కోడి, పాప్‌కార్న్ టైమ్, స్ట్రీమియో నాలుగింటిలోనూ ఈ లోపం కనిపించింది. దాదాపు 20 కోట్ల పరికరాలకు ముప్పని అంచనా వేశారు. అన్నీ వెంటనే సరిచేసుకున్నాయి. ఆ సవరణకు ముందటి వెర్షన్‌కు వెళ్లడమంటే ఆ లోపాన్ని ఏరి తెచ్చుకోవడమే. 2019 జూన్‌లో వచ్చిన వీఎల్‌సీ 3.0.7 ఒక్కటే 33 భద్రతాలోపాలను పూడ్చింది. ఐరోపా సంఘం బహుమతులు ప్రకటించి వెతికించిన లోపాలు అందులో చాలా ఉన్నాయి.

ఆ మరుసటి నెలలోనే జర్మనీ ప్రభుత్వ సైబర్ భద్రతా విభాగం వీఎల్‌సీలో తీవ్రమైన లోపం ఉందని హెచ్చరించింది. పత్రికలు దాన్ని వెంటనే తీసేయమని రాసేశాయి. వీడియోలాన్ ఆరా తీస్తే తేలిందేమిటంటే, లోపాన్ని నివేదించిన వ్యక్తి లినక్స్ కంప్యూటర్‌లో ఎంకెవి పెట్టెను తెరిచే లిబ్‌ఈబీఎంఎల్ అనే పాత లైబ్రరీ ఉండిపోయింది. ఆ లోపాన్ని 16 నెలల క్రితమే సరిచేశారు. ప్లేయర్ కొత్తదే, అది ఆధారపడిన ముక్క పాతది.

కొన్నిచోట్ల వెనుకకు దారే ఉండదు. 2022లో వచ్చిన గూగుల్ పిక్సెల్ 7 ఫోన్ 64 బిట్ యాప్‌లనే ఒప్పుకుంటుంది. ఏనాటివో 32 బిట్ ఏపీకేలు అందులో ఎక్కవు. మరుసటి ఏడాది వచ్చిన ఆండ్రాయిడ్ 14, ఆండ్రాయిడ్ 6 కంటే పాత నియమాలకు రాసిన యాప్‌లను ఇన్‌స్టాలే చేయనివ్వదు. ఫోన్ మారిస్తే ఏళ్లుగా దాచుకున్న ఏపీకే అలంకారమే.

ఇవన్నీ తెలిసీ వెళ్లాల్సి వస్తే, కంప్యూటర్‌లో కొత్తదాన్ని తీసేయకుండానే పనయ్యే మార్గం ఉంది. వీఎల్‌సీ ఇన్‌స్టాలర్‌తో పాటు జిప్ రూపంలోనూ దొరుకుతుంది. పాత వెర్షన్ జిప్‌ను ఒక ఫోల్డర్‌లో విప్పి, అక్కడి నుంచే నడిపి చూడవచ్చు. అయితే రెండు వెర్షన్లూ సెట్టింగ్స్‌ను ఒకే చోట, యాప్‌డేటాలోని వీఎల్‌సీ ఫోల్డర్‌లో రాసుకుంటాయి కనుక ముందే దానికి నకలు తీసి పెట్టుకోవాలి. ఫోన్‌లో అయితే మొదట యాప్ సొంత ఫోల్డర్‌లోని సినిమాలను బయటికి తరలించాలి. పాతది ఎక్కించాక ప్లే స్టోర్‌లో ఆ యాప్ పేజీ తెరిచి, పైన మూడు చుక్కల్లో ఉన్న ఆటో అప్‌డేట్ టిక్కును తీసేయాలి. లేదంటే ఆ రాత్రి ఫోన్ చార్జింగ్‌లో ఉండగా, వైఫై దొరకగానే, ప్లే స్టోర్ పాతదాన్ని మళ్లీ కొత్తదిగా మార్చేస్తుంది.